డెమో గదిలో ఒక మీటర్ పెట్టండి: వరంగల్, హన్మకొండ, కాజీపేట ఆడియో షాపులవారికి బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

హన్మకొండ చౌరస్తా పక్క సందులో ముప్పై ఏళ్లుగా యాంప్లిఫయర్లు, డెక్కులు రిపేరు చేస్తున్నవాణ్ణి. మీలో చాలామందికి నేను తెలుసు. వారంటీ దాటిన సెట్లు మీరే నా దగ్గరికి పంపుతారు, స్పేర్ల కోసం నేను మీ కౌంటర్ల ముందు నిలబడతాను. చేతిలో డబ్బు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ అప్పుగా ఇచ్చి నెల తర్వాత పైసలు తీసుకున్నవాళ్లు కూడా మీలో ఉన్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత దసరా అయిన వారానికి ఒక రిటైర్డ్ సారు ఆటోలో యాంప్లిఫయర్ పెట్టుకుని నా షాపు ముందు దిగారు. నర్సంపేట దగ్గరి ఊరు, తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. సెట్టు కొత్తది, డబ్బా మీది టేపు కూడా పూర్తిగా చించలేదు. "షాపుల విన్నప్పుడు పానం లేసొచ్చింది నాయినా. ఇంటికి తెచ్చినంక పాతదాని లెక్కనే ఉన్నది. దారిల ఏదన్న వైరు ఊడిందేమో, ఒక్కసారి ఇప్పి చూడు" అన్నారు. విప్పి చూశాను. ఒక్క వైరూ ఊడలేదు. లోపల పని శుభ్రంగా ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ బరువైనది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అసలువి. సెట్టులో ఏ లోపమూ లేదని చెబితే సారు ముఖం ఇంకా చిన్నబోయింది. లోపం ఉంటే బాగుచేయించుకోవచ్చు కదా.

68 వేలు పెట్టి కొన్నారట. ఛానెల్‌కు 60 వాట్ల పాత యాంప్‌ను 9 వేలకు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి, 80 వాట్ల ఈ కొత్తది తీసుకున్నారు. పెన్షన్ డబ్బు. షాపు పేరు ఆయన చెప్పారు, నేను ఇక్కడ రాయను. ఎందుకంటే ఇది ఒక్క షాపు సంగతి కాదు. మన ట్రైసిటీలో నేను చూసిన డెమోలన్నీ అలాగే జరుగుతాయి.

విచిత్రం ఏమిటంటే, ఆయన ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చిన పాత సెట్టు అప్పటికే సర్వీసింగ్ కోసం నా ర్యాకు మీద ఉంది. వాల్యూమ్ నాబ్ గరగరమంటోందని పంపారు, అంతే. దాన్ని శుభ్రం చేసి, రెండు సెట్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఫోనులోంచి ఒకే టోన్ రెండింటికీ ఇచ్చి, రెండు నాబ్‌లూ గడియారంలో పన్నెండు గంటల చోట నిలిపి, స్పీకర్ బాక్సుల టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టాను. పాతది 2 వోల్టులు చూపించింది. కొత్తది 2.8 వోల్టులు.

సారు షాపులో విన్న తేడా అదే. నాబ్ ఒకే చోట ఉన్నా కొత్త యాంప్‌కు గెయిన్ ఎక్కువ, అంటే లోపలికి వచ్చిన సిగ్నల్‌ను ఎక్కువ రెట్లు పెంచుతుంది. 8 ఓముల బాక్సుకు పాతది అర వాటు ఇస్తుంటే కొత్తది దగ్గర దగ్గర ఒక వాటు ఇస్తోంది. సౌండు తేడాను కొలిచే డెసిబెళ్లలో చెబితే 3. గెయిన్ ఎక్కువ ఉండడం యాంప్ గొప్పతనం కాదు, డిజైన్ చేసినవాడు రెండు రెసిస్టర్ల విలువలతో నిర్ణయించుకునే సంగతి. పాతదాని నాబ్ కొంచెం తిప్పితే ఆ 3 డెసిబెళ్లు అక్కడే దొరికేవి.

ఈ సంగతి మీకు కొత్త కాకపోవచ్చు. కానీ చెవి ఇక్కడ ఎలా మోసపోతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే జరుగుతోంది. సౌండు బాగా పెరిగితే ఎవరైనా "సౌండు పెంచావు" అంటారు. కొద్దిగా పెరిగితే మాత్రం చాలాసార్లు పెరిగినట్టు తెలియదు. "గొంతు ముందుకొచ్చింది", "బేస్ గట్టిగా ఉంది", "తాళాలు విడివిడిగా వినబడుతున్నాయి" అనిపిస్తుంది. అది అబద్ధం చెప్పడం కాదు, నిజంగానే అలా వినబడుతుంది. తక్కువ సౌండులో మన చెవికి బేస్ సరిగా అందదు, సౌండు పెరిగేకొద్దీ బేస్ మిగతావాటికన్నా వేగంగా నిండుగా వస్తుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. అంటే కొంచెం ఎక్కువ సౌండుతో మోగే సెట్టుకు బేస్ కూడా ఊరికే కలిసొస్తుంది. ఇంటికి తెచ్చి తనకు అలవాటైన సౌండులో పెట్టుకున్నాక ఆ కలిసొచ్చినది పోతుంది. సారుకు జరిగింది అదే.

మీరు కావాలని మోసం చేశారని నేను అనడం లేదు. ఈ ముప్పై ఏళ్లలో కావాలని ఖరీదైన సెట్టుకు సౌండు పెంచి వినిపించినవాళ్లను ఒకరిద్దరినే చూశాను. మిగతా అందరూ నాబ్‌లు ఒకే చోట ఉన్నాయి కదా, న్యాయంగానే చూపిస్తున్నాం అనుకుంటారు. డెమో ఇచ్చే తమ్ముడు కూడా ఆ తేడాను తన చెవులతోనే వింటాడు, మనసులో నమ్ముతాడు, అందుకే అంత ధీమాగా చెబుతాడు. కానీ కొనేవాడి జేబులోంచి పోయే డబ్బు మాత్రం అంతే పోతుంది.

సారును ఆదివారం వడ్డేపల్లిలోని మా ఇంటికి రమ్మన్నాను. పన్నెండు అడుగులకు పద్నాలుగు అడుగుల గది, నా సొంత బాక్సులు. రెండు యాంప్‌లూ రెండో గదిలో పెట్టి, మధ్య తలుపుకు దుప్పటి కట్టాను. మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు, వాడు దుప్పటి వెనక కూర్చున్నాడు. వాడి చేతిలో నేను కట్టిన స్విచ్ బాక్స్, ఒక రూపాయి బిళ్ల, ఒక నోటుబుక్కు.

ముందు షాపులో లాగే వినిపించాను. దుప్పటి తీసేసి, రెండు నాబ్‌లూ పన్నెండు గంటల దగ్గర పెట్టి, ఐనవోలు మల్లన్న జాతరప్పుడు రికార్డు చేసుకున్న ఒగ్గుకథ వేశాను. డోలు, తాళాలు, జగ్గు, నడుమ కథకుడి గొంతు. ఏ సినిమా పాట కన్నా ఇది సెట్టును బాగా పరీక్షిస్తుంది, ఎందుకంటే డోలు నిజంగా ఎలా మోగుతుందో ఇక్కడ పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. సారు వెంటనే అన్నారు: "ఇగో, ఇదీ! షాపుల గిట్లనే ఉండె." ఆయన కళ్లు వెలిగాయి. నాకూ అలాగే వినబడింది. డోలు తోలు బిగువు, దెబ్బ పడ్డాక వచ్చే గుండ్రని మోత, అంతా కొత్తదాంట్లోనే బాగుంది.

తర్వాత మీటర్ పెట్టి కొత్తదాని నాబ్ మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. పాతది 2.00, కొత్తది 2.01 దగ్గర ఆపాను. ఎడమ, కుడి రెండు వైపులా. దుప్పటి మళ్లీ కట్టాం. పద్ధతి ఇదీ: ముందు "ఏ" అని ఒక సెట్టు, "బీ" అని ఇంకోటి, కావలసినన్ని సార్లు వినొచ్చు. తర్వాత మేనల్లుడు బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకోటి పెడతాడు. అది ఏయో బీయో మనం చెప్పాలి. వాడు ఒక్క మాట మాట్లాడకూడదు, మనకు కనబడకూడదు కూడా. మనిషి ముఖం చూసినా, గొంతు విన్నా జవాబు తెలిసిపోతుంది. పదహారు సార్లు చేశాం, మధ్యలో ఒకసారి చాయ్ తాగాం.

నాలుగోసారి సారు కళ్లు మూసుకుని, వేలు పైకెత్తి, "ఇది కొత్తదే, అనుమానమే లేదు" అన్నారు. ఆరోసారి జగ్గు మోత ఆగే తీరు చూసి నాకు కూడా అంతే గట్టిగా తెలిసిపోయిందనిపించింది. చివర్లో నోటుబుక్కు విప్పి చూస్తే ఆ రెండూ తప్పే. సారుకు పదహారింటిలో 7 సరిగ్గా వచ్చాయి, నాకు 9. వినకుండా బిళ్ల ఎగరేసి చెప్పినా సగటున 8 వస్తాయి. పదహారింటిలో కనీసం 12 వస్తేనే అది గుడ్డి లెక్క కాదని నమ్మొచ్చు, ఎందుకంటే ఊరికే ఊహించి 12 లేదా అంతకన్నా ఎక్కువ తెచ్చుకోవడం వందలో నాలుగు సార్లు కూడా జరగదు.

ఆ రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ముప్పై ఏళ్లుగా ఈ చెవులనే నమ్ముకుని బతుకుతున్నాను. సారు మాత్రం శాంతంగానే ఉన్నారు. పాత సెట్టు మీద చెయ్యి వేసి, "అంటే దీంట్ల ఏం తక్కువ లేదన్నట్టు" అన్నారు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలని నిర్ణయించుకున్నాను.

ఇది హన్మకొండలో ఇద్దరు మనుషుల చెవుల సంగతి మాత్రమే కాదు. 1987 జనవరిలో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక 220 డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల యాంప్‌ల దాకా తీసుకుని, సౌండు సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వినిపించింది. మొత్తం మీద శ్రోతల జవాబులు ఊహించి చెప్పినట్టే వచ్చాయి. అంతకు ముందు, 1978లో, ఇంగ్లండులో యాంప్‌లు చేసే క్వాడ్ కంపెనీ పెట్టిన పీటర్ వాకర్ తమవే మూడు తరాల యాంప్‌లను ఇలాగే పరీక్షకు పెట్టాడు. 1953 నాటి వాల్వ్ సెట్టు (ట్రాన్సిస్టర్లకు ముందటి గాజు ట్యూబులది), 1967 నాటి 303, 1975 నాటి 405 అనే ట్రాన్సిస్టర్ సెట్లు. కొత్త సెట్లు అమ్ముకోవలసిన కంపెనీ మనిషే తన పాత సెట్టుతో తేడా తెలియడం లేదని ఊరందరి ముందు ఒప్పుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. షాపు నడిపేవాళ్లకు ఆయన పేరు గుర్తుండాలి.

1985లో అమెరికాలో యాంప్‌లు తయారుచేసే బాబ్ కార్వర్ చేసిన పని ఒక మెకానిక్‌గా నాకు ఇంకా నచ్చుతుంది. ఎంత ఖరీదైన యాంప్‌నైనా ఇవ్వండి, నా చవక యాంప్‌ను దానిలా మోగేటట్టు చేస్తానని స్టీరియోఫైల్ పత్రికవాళ్లతో పందెం కట్టాడు. రెండు యాంప్‌లకూ ఒకే పాట ఇచ్చి, ఒకదాని అవుట్‌పుట్‌లోంచి ఇంకోదాన్ని తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే వింటూ తన సెట్టును సర్దుకుంటూ పోయాడు. తేడా తగ్గి తగ్గి దాదాపు ఏమీ మిగలని దాకా. తర్వాత ఆ పత్రిక వాళ్లే విని రెండింటినీ విడదీయలేకపోయారు. తేడా అనేది ఉంటే అది వైర్లలో దొరుకుతుంది, కొలతకు వస్తుంది.

అయితే యాంప్‌లన్నీ ఒకటే అని నేను అనడం లేదు. అలా అంటే అది కూడా అబద్ధమే, మీరు నన్ను నిలదీయొచ్చు. కరీంనగర్‌లో నాకొక మిత్రుడు ఉన్నాడు, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దే ఏర్పాటు) లేని సింగిల్ వాల్వ్ యాంప్ సొంతంగా కట్టుకున్నాడు. దాన్ని తెచ్చి అదే దుప్పటి వెనక పెట్టాం. (వాల్వ్ సెట్టుకు బాక్సు తీసేసినప్పుడు ఊరికే వదలకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అందుకని స్విచ్ పక్కకు తిప్పగానే 8 ఓముల పెద్ద రెసిస్టర్ తగిలేటట్టు కట్టాను.) పదహారింటికి 15 సరిగ్గా చెప్పాను. సౌండు సమానం చేసినా తేడా తెలిసింది.

కారణం కూడా కొలతలోనే ఉంది. ఆ వాల్వ్ సెట్టు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలి నిరోధం) రెండున్నర ఓములు. బాక్సు వెనక 8 ఓములు అని రాసి ఉన్నా, పాటలో ఫ్రీక్వెన్సీ (బేస్ నుంచి సన్నని మోత దాకా) మారేకొద్దీ అది ఒకచోట 4కు పడుతుంది, ఇంకోచోట 20కి లేస్తుంది. ఆ రెండు చోట్లకూ మధ్య ఆ యాంప్ మూడు డెసిబెళ్ల తేడా పెట్టేస్తుంది, అంటే టోన్ కంట్రోల్ తిప్పినట్టే. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో అదే ఇంపెడెన్స్ 0.05 ఓము ఉంటుంది, అప్పుడు వచ్చే తేడా డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. నా మిత్రుడికి ఆ వాల్వ్ సౌండే ఇష్టం. అందులో తప్పేమీ లేదు, తనకు ఏది ఇష్టమో, ఎందుకు ఇష్టమో అతనికి తెలుసు. తెలిసి కొనుక్కోవడం వేరు.

సత్తువ చాలకపోయినా తేడా తెలుస్తుంది. ఇక్కడ మనవాళ్లు వాట్లను చూసే తీరు మారాలి. 60 నుంచి 80 వాట్లకు వెళితే పెరిగేది 1.25 డెసిబెళ్లు. సౌండు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి, అంటే 60కి 600. ఈ లెక్క ఒక్కటి కొనేవాడికి చెప్పినా ఎంతో మేలు చేసినవాళ్లవుతారు. మరోవైపు, ఇంట్లో మామూలుగా వినేటప్పుడు సగటున ఒక వాటు కూడా పట్టదు కానీ, డోలు దెబ్బ ఆ సగటు కన్నా 20 డెసిబెళ్లు ఎగిరితే ఆ క్షణానికి దానికి వంద రెట్లు, అంటే వంద వాట్ల దాకా కావాలి. సెట్టు దగ్గర అంత లేకపోతే అల పైభాగం తెగుతుంది, దెబ్బ మొద్దుబారుతుంది. పెద్ద హాలు, తక్కువ సెన్సిటివిటీ బాక్సులు (ఇచ్చిన వాట్లకు తక్కువ సౌండు చేసేవి) ఉన్నవాడికి పెద్ద యాంప్ అమ్మండి, అది న్యాయమైన అమ్మకం. నర్సంపేట సారుకు చిన్న గది, మెల్లగా వినే అలవాటు.

పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. సాయంత్రం మోటార్లు నడిచే వేళకు కొన్ని ఊళ్లలో కరెంటు 190కి పడుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై ఉన్న యాంప్‌లో వోల్టేజీ తగ్గితే సత్తువ దాని వర్గంతో తగ్గుతుంది. 230కి 80 వాట్లు ఇచ్చేది 190కి 55 వాట్లే ఇస్తుంది. అంటే 60కీ 80కీ మధ్య ఉందని డబ్బు కట్టించుకున్న తేడా మొత్తం, ఇంకా కొంచెం కూడా, సాయంత్రం ఆరింటికి పోతుంది. ములుగు, పరకాల వైపు నుంచి వచ్చే గిరాకీని "మీ ఊళ్లో కరెంటు ఎంత ఉంటది" అని ఒక్క మాట అడిగే షాపు నాకు ఇప్పటివరకు కనబడలేదు.

ఇక డబ్బాల మీద పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అంకెల గురించి. 1000, 2000 అని రాసే ఆ అంకెలకు ఒక ప్రమాణం అంటూ లేదు. ఎన్ని ఓములకు, ఎంత డిస్టార్షన్ (సౌండు చెడడం) దగ్గర, ఎన్ని ఛానెళ్లు కలిపి నడిపితే ఎన్ని ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా ఇవ్వగలిగే సత్తువ) అనేదే అడగవలసింది. ఆ మాట మీరే ముందుగా చెప్పండి.

రొద కూడా పరీక్షించదగినదే. పాట ఆపి, నాబ్ మామూలు చోట ఉంచి, ట్వీటర్ దగ్గర చెవి పెడితే బుస ఎంతో, వూఫర్ దగ్గర పెడితే హమ్మింగ్ ఎంతో తెలుస్తుంది. రాత్రి పదకొండు తర్వాత మా వీధిలో ఈ రెండూ బాగా వినబడతాయి, మీ షాపులో పగలు ఫ్యాను గాలికి, రోడ్డు మోతకు అస్సలు వినబడవు. వేడి, ప్రొటెక్షన్ రిలే, స్పేర్ల దొరుకుబాటు, ఇవన్నీ యాంప్‌కూ యాంప్‌కూ నిజంగా మారతాయి. నా బల్ల మీదికి వచ్చే సెట్లలో చాలావాటిని చంపింది సౌండు కాదు, నకిలీ ట్రాన్సిస్టర్లు. 5200, 1943 అనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతకు 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్ల సత్తా ఉండాలి. పైన అంకె అదే అచ్చు వేసి లోపల గోరంత చిప్ పెట్టిన ముక్కలు పగలగొట్టి చూశాను. అసలు ముక్కలు వేసిన సెట్టు ఏదో మీకు తెలుసు. అది చెప్పి అమ్మితే పది వేలు ఎక్కువ తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

నేను అడిగేది చిన్న పని. డెమో గదిలో ఒక డిజిటల్ మీటర్, ఒక స్విచ్ బాక్స్ పెట్టండి. చవక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపిస్తాయి, కాబట్టి 100 నుంచి 400 హెర్ట్జ్ లోపు టోన్ వాడండి, ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. బాక్సులు తగిలించి ఉండగానే టెర్మినళ్ల మీద కొలవండి. 2 వోల్టులకు 0.02 వోల్టు లోపు కలిపితే తేడా డెసిబెల్‌లో పదో వంతులోపే ఉంటుంది, చెవికి అది చాలు. నాబ్ లేని పవర్ యాంప్ అయితే ఎక్కువ గెయిన్ ఉన్నదాని ఇన్‌పుట్ దగ్గర 10 కిలో ఓముల పాట్ (సౌండు తగ్గించే నాబ్) ఒకటి వేయండి.

స్విచ్ బాక్స్‌లో ఎర్ర వైరే కాదు, నల్ల వైరు కూడా మారేటట్టు చూసుకోండి. రెండు ఛానెళ్లకు కలిపి నాలుగు పోల్స్ కావాలి. క్లాస్ డి అనే, వేడి తక్కువ పుట్టే రకం యాంప్‌లలో కొన్నిటికి నల్ల టెర్మినల్ గ్రౌండు కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు యాంప్‌ల నల్ల వైర్లను కలిపి కట్టేస్తే ఒకటి పోతుంది, అలా పోయినవి నా దగ్గరికి వచ్చాయి. ఒకదాన్ని పూర్తిగా వదిలాకే ఇంకోదాన్ని పట్టుకునే రకం స్విచ్ తీసుకోండి. వైర్లు పీకి మళ్లీ తగిలించి వినిపించే పద్ధతి మాత్రం మానేయండి. ఆ రెండు నిమిషాల్లో ముందు విన్నదాని సన్నని గుర్తు చెవిలో ఉండదు. ఇక్కడి పాలిటెక్నిక్‌లలో, 1959 నుంచి మన ఊళ్లో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పిల్లలకు ఇది ఒక సాయంత్రం పని, అడిగితే సంతోషంగా కట్టిస్తారు.

మీరు ఏమంటారో నాకు తెలుసు. ఒక అన్నతో ఈ సంగతి మాట్లాడితే, "గట్ల చూపిస్తే ఇగ పెద్ద సెట్టు ఎవడు కొంటడు?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అద్దెలు, ఆన్‌లైన్ ధరలు, పండుగ ఆఫర్లు, ఇన్నిటి మధ్య షాపు నడపడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. కానీ ఆన్‌లైన్‌వాడు చేయలేనిది ఇదొక్కటే కదా. పక్కపక్కన పెట్టి, సమానం చేసి, మీ చెవులతో మీరే తేల్చుకోండి అని చెప్పే షాపుకు కరీంనగర్ నుంచి కూడా మనుషులు వస్తారు. రెండు యాంప్‌ల మధ్య తేడా లేదని తేలితే ఆ మిగిలిన డబ్బుకు మంచి బాక్సులు అమ్మండి. బాక్సుకూ బాక్సుకూ తేడా దుప్పటి వెనక పెట్టినా ఎవరికైనా తెలుస్తుంది. మీ లాభం మీకు ఉంటుంది, వాడి సంతోషం ఇంటికి చేరాక కూడా ఉంటుంది.

నెల రోజులు వింటేనే తేడా తెలుస్తుందని ఇంకొకరు అన్నారు. అయితే నెల వినమనండి. విన్న తర్వాత అదే దుప్పటి కట్టి, అదే బిళ్ల ఎగరేసి అడగండి. నేర్చుకున్న చెవికి అప్పుడు కనీసం 12 రావాలి. చూడడానికి అందంగా ఉందని, మీటర్ల సూదులు ఆడుతుంటే బాగుందని, చేతికి నాబ్ బరువుగా తగిలిందని కొనేవాడిని ఎవరూ ఆపవద్దు, నాకూ అలాంటి సెట్లంటే ప్రేమే. అందానికి డబ్బు తీసుకోండి. లేని సౌండుకు తీసుకోకండి.

సారు సంగతి చెప్పాలి. నేను షాపు యజమానితో ఏకాంతంగా మాట్లాడాను. ఆయన పెద్ద మనసు చేసుకుని కొత్త యాంప్ వెనక్కి తీసుకున్నాడు, పాతది తిరిగి ఇచ్చాడు, తేడా డబ్బులో కొంతకు బాక్సుల జత ఇచ్చి మిగిలింది చేతికిచ్చాడు. మొన్న వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు విన్నాను. కిటికీకి మందపాటి పరదా వేయించారు, బాక్సులను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపించాను. అదే 60 వాట్ల పాత సెట్టు. ఒగ్గుకథ వేస్తే వాకిట్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పని ఆపి, మల్లన్న గుడి దగ్గర ఎవరో కథ చెబుతున్నారనుకుని తలలు తిప్పారు.

నా దగ్గర నాలుగు పోల్స్ స్విచ్ బాక్స్ ఒకటి అదనంగా కట్టి ఉంది, దానికి సరిపడా వైర్లు, పాట్, 8 ఓముల రెసిస్టర్లు కూడా పెట్టాను. మీలో ఎవరు ముందు అడిగితే వాళ్లకు ఇస్తాను, పైసలు వద్దు. ఆదివారాలు నా షాపు బంద్ ఉంటుంది, ఆ రోజు నేనే మీ దగ్గరికి వచ్చి బిగించి, తమ్ముళ్లకు మీటర్ పట్టడం చూపిస్తాను.

ఇట్లు,
చౌరస్తా పక్క సందు రిపేర్ మెకానిక్,
హన్మకొండ